పాస్‌పోర్టు ఎవరి చేతిలో? - పీటర్స్‌బర్గ్ చూసి వచ్చాక

(వింజమూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రష్యా వెళ్ళి వచ్చావు కదా, అక్కడ ఏం చూశావో వచ్చి చెప్పమని ఇక్కడి మిత్రులు అడిగారు. రాజభవనాల గురించీ బంగారు గోపురాల గురించీ అయితే నాకంటే బొమ్మల పుస్తకాలే బాగా చెప్తాయి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది ఊళ్ళల్లో సంఘాలు నడిపేవాళ్ళు, మిగతా సగం స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళు. కువైట్ పోయిన కూతురి దగ్గర్నుంచి ఫోను రావడం ఆగిపోతే తల్లి ఏడుస్తూ వచ్చేది మీ దగ్గరికే. "పాస్‌పోర్టు కఫీలు దగ్గర ఉందంట" అనే మాట మీకు కొత్త కాదు. అందుకని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరం గురించి చెప్పేటప్పుడు నేను ఒక్క వస్తువును పట్టుకుని చెప్తాను. ఆ వస్తువు పాస్‌పోర్టు.

నేను పోయింది 2024 జూన్ మొదటి వారంలో. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే రోజులు. అక్కడ స్వెట్టరు వేసుకోవాల్సి వచ్చింది. ఆ నెలలో ఆ ఊళ్ళో రాత్రి పదకొండు దాటినా వెలుతురు పోదు. ఆకాశం పాలరంగులో అట్లాగే నిలబడి ఉంటుంది. తెల్లని రాత్రులు అంటారు వాటిని. దొస్తొయెవ్‌స్కీ కథ చదివినవాళ్ళకు ఆ పేరు తెలుసు. ఆడవాళ్ళు ఆ వేళలో కూడా నది ఒడ్డున ఒంటరిగా నడిచి పోతుంటారు. అది వెలుతురు మహిమో, అలవాటో, పదిరోజుల కోసం వెళ్ళినదాన్ని నేను తేల్చి చెప్పలేను. నేను మాత్రం నడిచాను.

ప్రయాణం సంగతి రెండు ముక్కల్లో. 2023 ఆగస్టు నుంచి మన దేశస్తులకు రష్యా ఎలక్ట్రానిక్ వీసా ఇస్తోంది. ఎంబసీ చుట్టూ తిరగాల్సిన పని లేదు. విమానాశ్రయంలో దిగగానే ఒక చిన్న కాగితం చేతిలో పెడతారు, అది తిరిగి వచ్చేదాకా పోగొట్టుకోకూడదు. యుక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక, 2022 మార్చి నుంచి, బయటి దేశాల బ్యాంకులు ఇచ్చే వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు. డబ్బు నోట్లుగానే పట్టుకుపోవాలి. మన అమ్మమ్మలు బొడ్లో దోపుకునే చిక్కం లాంటిదే నేనూ కుట్టించుకున్నాను. హోటల్లో దిగగానే మన పాస్‌పోర్టు అడుగుతారు. పోలీసు దగ్గర మన పేరు నమోదు చేయించే బాధ్యత వాళ్ళది. గుమాస్తా అమ్మాయి పాస్‌పోర్టు తీసుకుంది, నకలు తీసింది, తిరిగి నా చేతిలో పెట్టింది. మొత్తం పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ నా కళ్ళు ఆ నీలం అట్ట మీదే ఉన్నాయి. పరాయి దేశంలో ఆ అట్ట చేతిలో లేకపోతే మనిషికి ఎట్లా ఉంటుందో కొంచెం తెలిసింది. పదేళ్ళు అది లేకుండా ఒక ఇంట్లో అంట్లు తోమిన మనిషికి ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇక నగరం. 1703లో పీటరు చక్రవర్తి బురదనేల మీద కట్టించాడు. రైతుల్ని వెట్టికి తోలుకొచ్చి కట్టించాడు. చలికీ, రోగాలకూ ఎంతోమంది చచ్చిపోయారు. 1712 నుంచి 1918 దాకా దాదాపు రెండొందల ఏళ్ళు, మధ్యలో కొద్ది ఏళ్ళు తప్పిస్తే, రష్యాకు రాజధాని అదే. దాని పేరు మూడుసార్లు మారింది: 1914లో పెట్రోగ్రాడ్, 1924లో లెనిన్‌గ్రాడ్, 1991లో మళ్ళీ సెయింట్ పీటర్స్‌బర్గ్. రెండో కేథరీన్ అనే మహారాణి 1764లో బొమ్మలు కొనడం మొదలుపెట్టి పెంచిన సేకరణే హెర్మిటేజ్ మ్యూజియం. ఒక ఆడది అంత పెద్ద దేశాన్ని 34 ఏళ్ళు ఏలిందని గైడు గొప్పగా చెప్తుంది. నిజమే, ఏలింది. ఆమె ఏలుబడిలో సామాన్య స్త్రీకి భర్త అనుమతి లేకుండా వేరే ఊళ్ళో బతికే హక్కు లేదు. ఆ సంగతి గైడు చెప్పదు.

ఆ హక్కు గురించి వివరంగా చెప్పాలి. ఎందుకంటే అది అచ్చంగా మన సంగతి. జారు చక్రవర్తుల రష్యాలో, సొంత ఊరు వదిలి ఇంకో ఊళ్ళో ఉండాలంటే దేశం లోపల తిరగడానికే పాస్‌పోర్టు కావాలి. పెళ్ళి కాని అమ్మాయికి తండ్రి ఒప్పుకోవాలి. పెళ్ళయితే భర్త పాస్‌పోర్టులోనే ఆమె పేరు ఎక్కిస్తారు. భార్య భర్త దగ్గరే కాపురం ఉండాలి, ఆయన మాట వినాలి అని చట్టంలోనే రాసి ఉంది. భర్త రాతమూలకంగా ఒప్పుకుంటేనే ఆమెకు వేరే పాస్‌పోర్టు. పల్లెల నుంచి ఎందరో ఆడవాళ్ళు పీటర్స్‌బర్గ్‌కు వచ్చి ఇళ్ళల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు. గడువు తీరినప్పుడల్లా పాస్‌పోర్టు మళ్ళీ రాయించుకోవాలి. అప్పుడు ఊళ్ళో ఉన్న మొగుడు "జీతంలో ఇంత పంపితేనే ఒప్పుకుంటా" అని బేరం పెట్టేవాడు. వినడానికి కొత్తగా ఉందా? ఏజెంటు కమీషనులో మొగుడికి వాటా, నెలనెలా వచ్చే దినార్ల మీద బావమరిది కాపలా, ఇవన్నీ మనం చూస్తున్నవే.

తాగి కొట్టే భర్త దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన ఆడదానికి దారేమిటి? విడాకులు చర్చి చేతుల్లో ఉండేవి, దాదాపు దొరకవు. "నా భర్త నన్ను చంపేస్తాడు, నాకు విడిగా బతకడానికి పాస్‌పోర్టు ఇప్పించండి" అని చక్రవర్తికి అర్జీ పెట్టుకోవడం ఒక్కటే దారి. అట్లాంటి అర్జీలు తీసుకోవడానికి పీటర్స్‌బర్గ్‌లో ఒక కచేరీ ఉండేది. 1881కీ 1914కీ మధ్య వేల మంది స్త్రీలు దానికి రాసుకున్నారు. రైతుల భార్యలు, వ్యాపారుల భార్యలు, చదువు రానివాళ్ళు ఎవరి చేతో రాయించుకున్నవాళ్ళు. అధికారులు వచ్చి ఇరుగుపొరుగును విచారించేవాళ్ళు. ఆమె నడవడి మంచిదేనా, భర్త ఎంత కొడతాడు, ఆ దెబ్బలు మామూలువా, మించినవా. ఆ కాగితాలు ఆ నగరంలోని చారిత్రక ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నాయి, పరిశోధకులు వాటిమీద పుస్తకాలు రాశారు. మన కుటుంబ సలహా కేంద్రాల్లోని రిజిస్టర్లను వందేళ్ళ తర్వాత ఎవరైనా తెరిస్తే ఇట్లాగే ఉంటుందేమో. ఆఖరికి 1914లో వచ్చిన చట్టంతో భర్త అనుమతి లేకుండానే భార్య పాస్‌పోర్టు తీసుకోవచ్చని ఒప్పుకున్నారు. ఆ కాగితం కోసం అన్నేళ్ళు రాసి రాసి విసిగించినది ఆ పేరులేని ఆడవాళ్ళే.

చదువుకున్న ఇళ్ళల్లో మాత్రం పరిస్థితి బాగుందా? సోఫియా కొవలెవ్‌స్కయా అని గొప్ప గణిత శాస్త్రవేత్త. 1850లో పుట్టింది. రష్యాలో విశ్వవిద్యాలయాల్లోకి ఆడపిల్లల్ని రానివ్వరు. బయటి దేశం పోయి చదవాలంటే పాస్‌పోర్టుకు తండ్రో, భర్తో ఒప్పుకోవాలి. తండ్రి సైన్యంలో జనరలు, ఆయన ఒప్పుకోడు. అందుకని ఆమె 1868లో ఒక విద్యార్థిని పేరుకి పెళ్ళి చేసుకుంది. కాపురం కోసం కాదు, సంతకం కోసం. ఆ కాలంలో ఇట్లా చదువు కోసం ఉత్తుత్తి పెళ్ళిళ్ళు చేసుకున్న అమ్మాయిలు ఇంకా ఉన్నారు, వాళ్ళకు సాయం చేసిన మగపిల్లలూ ఉన్నారు. సోఫియా జర్మనీ వెళ్ళి 1874లో డాక్టరేటు సంపాదించింది. తిరిగి వస్తే సొంత దేశంలో విశ్వవిద్యాలయం ఉద్యోగం ఇవ్వలేదు. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో 1889లో ప్రొఫెసరయింది. రెండేళ్ళకు, 41 ఏళ్ళ వయసులో, చనిపోయింది. మన దగ్గర "పెళ్ళి చేసుకుని చదువుకో" అనే తండ్రులున్నారు. వాళ్ళకు ఈ కథ చెప్పొచ్చు, కానీ కథలో పెళ్ళి ఎందుకు జరిగిందో మాత్రం దాచకుండా చెప్పాలి.

ఆ ఊళ్ళో వసీల్యేవ్‌స్కీ దీవి అని ఒక పేట ఉంది. అక్కడ వీధులకు పేర్లుండవు, ఒకటో లైను, రెండో లైను అని అంకెలే. పదో లైనులో ఆడపిల్లల ఉన్నత విద్య కోసం పెట్టిన బెస్తూజెవ్ కోర్సుల భవనం ఉంది. ఆ కోర్సులు 1878లో మొదలైనాయి. లెనిన్ భార్య క్రుప్‌స్కయా కూడా కొన్నాళ్ళు అక్కడ చదివింది. నేను వెళ్ళిన రోజు దాని ముందు ఒక్క టూరిస్టు బస్సూ ఆగలేదు. బస్సులన్నీ రాజభవనం దగ్గరే.

ఇంకో కాగితం గురించి కూడా చెప్పాలి. పసుప్పచ్చ చీటీ. మనకు పసుపు శుభం. అక్కడ ఆ రంగు కాగితం ఆడదాని మెడకు కట్టిన గంట. 1843 నుంచి పీటర్స్‌బర్గ్‌లో వ్యభిచారం చేసే స్త్రీలను పోలీసులు నమోదు చేసేవాళ్ళు. నమోదు చేసి, ఆమె పాస్‌పోర్టు తీసేసుకుని, బదులుగా పసుప్పచ్చ చీటీ ఇచ్చేవాళ్ళు. దాన్ని పట్టుకుని డాక్టరు పరీక్షకు క్రమం తప్పకుండా హాజరు కావాలి. ఆమె దగ్గరికి వచ్చే మగవాడికి ఏ పరీక్షా లేదు, ఏ చీటీ లేదు. ఒకసారి ఆ చీటీ తీసుకున్నాక మామూలు పాస్‌పోర్టు వెనక్కి రావడం చాలా కష్టం. మరి ఇంకో పనిలో ఎవరు చేర్చుకుంటారు? 'నేరము-శిక్ష'లో సోన్యా చేతిలో ఉన్నది ఈ చీటీయే. యూదులు రాజధానిలో ఉండకూడదని ఆంక్ష ఉండేది, చదువుకోసం ఆ చీటీ తీసుకుని పీటర్స్‌బర్గ్‌లో ఉన్న యూదు అమ్మాయిల కథలు నాటకాలుగా, సినిమాలుగా వచ్చాయి. 1917లో ఆ పద్ధతి రద్దయింది.

1917 అనగానే మనకు లెనిన్, అక్టోబరు గుర్తొస్తాయి. అక్టోబరుకు ముందు ఫిబ్రవరి ఉంది. ఆ ఫిబ్రవరిని తెచ్చింది ఆడవాళ్ళు. నెవా నదికి ఉత్తరాన వీబోర్గ్ వైపు అనే ప్రాంతం ఉంది. అప్పట్లో అంతా మిల్లులు, యంత్రాల ఫ్యాక్టరీలు. నేను ఒక పూట అక్కడే తిరిగాను. ఎర్ర ఇటుకల పాత గోడలు, చిన్న చిన్న దుకాణాలు, ట్రాములు. చూడటానికి పెద్దగా ఏమీ లేదు. కానీ 1917 మార్చి 8న, వాళ్ళ పాత పంచాంగం ప్రకారం ఫిబ్రవరి 23న, అంతర్జాతీయ మహిళా దినం రోజున, బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు పని ఆపేసి బయటికి వచ్చింది ఇక్కడే. యుద్ధం మూడో ఏడు. మగవాళ్ళు సరిహద్దుల్లో. రొట్టె కోసం తెల్లవారుజామున మంచులో గంటలకొద్దీ క్యూ, ఆ తర్వాత మిల్లులో షిఫ్టు. ఆ రోజు సమ్మె చేయొద్దని ముందురాత్రి పార్టీ కార్యకర్తలే చెప్పారు, సమయం రాలేదన్నారు. ఆడవాళ్ళు వినలేదు. నోబెల్ యంత్రాల ఫ్యాక్టరీ కిటికీల కిందికి వచ్చి చేతులూపి, కేకలేసి, మంచు ముద్దలు విసిరి మగ కార్మికుల్ని బయటికి పిలిచారు. "ఆకలి పోవాలి, రొట్టె కావాలి" అన్నారు. వారం తిరిగేసరికి జారు సింహాసనం దిగిపోయాడు.

తర్వాత కొద్ది వారాలకే, కొత్త ప్రభుత్వం ఓటు హక్కు గురించి నీళ్ళు నములుతుంటే, దాదాపు 40,000 మంది స్త్రీలు ఊరేగింపుగా తావ్రిద భవనం దాకా వెళ్ళారు. జారు జైల్లో ఇరవయ్యేళ్ళు గడిపిన వేరా ఫిగ్నెర్ ఆ ఊరేగింపులో ఉంది. సమాధానం చెప్పేదాకా కదలమన్నారు. ఆ ఏడాది జూలైలో స్త్రీలకు ఓటు హక్కు చట్టమయింది. బ్రిటన్, అమెరికా స్త్రీలకు దేశవ్యాప్తంగా ఓటు రావడానికి ఇంకా టైము పట్టింది.

ఇది చెప్తుంటే మీ ముఖాల్లో ఒక నవ్వు కనపడుతోంది. మంచు ముద్దలకు బదులు చీపుళ్ళు, కారప్పొడి అనుకుంటే ఇది మన దూబగుంట. పక్క మండలం కలిగిరిలో ఉంది ఆ ఊరు. అక్షరాస్యతా కేంద్రంలో 'సీతమ్మ కథ' చదివి, 1992లో సారాయి దుకాణం మూయించిన ఊరు. వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. నెల్లూరులో సారాయి వేలం పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారాయి నిషేధం. 1995లో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. రష్యాలో కూడా ఇదే కథ. జారు ఖజానాకు వచ్చే రాబడిలో దాదాపు నాలుగో వంతు వోడ్కా మీదే వచ్చేది. 1914లో యుద్ధం రాగానే నిషేధం పెట్టారు, 1925లో వోడ్కా మళ్ళీ తెచ్చారు. 1985లో గోర్బచేవ్ కట్టడి చేశాడు, కొన్నేళ్ళకు అదీ నీరుగారిపోయింది. అన్నిచోట్లా చెప్పే కారణం ఒకటే, ఖజానా. పీటర్స్‌బర్గ్‌లో 1917 గురించి మ్యూజియం ఉంది, ఓడ ఉంది, విగ్రహాలున్నాయి. ఆ మిల్లు ఆడవాళ్ళ పేర్లు నాకు ఎక్కడా కనబడలేదు. దూబగుంటలో రోశమ్మతో పాటు నడిచిన వాళ్ళ పేర్లు రాసి పెట్టుకోవడానికి మనకు ఇంకా వీలుంది. కొందరు ఈ హాల్లోనే కూర్చుని ఉన్నారు.

మార్చి 8 రష్యాలో 1965 నుంచి సెలవు రోజు. ఆ రోజు ఆడవాళ్ళకు పూలిస్తారు. పసుప్పచ్చటి మిమోజా పూలు. పూలు మంచివే.

సోవియట్ కాలం గురించి మనలో చాలామందికి ఒక మమకారం ఉంది. నాకూ ఉంది. మన తరం విశాలాంధ్ర పుస్తకాల వ్యాను వస్తే రూపాయి, రెండు రూపాయలకు మాస్కో పుస్తకాలు కొనుక్కుని చదివిన తరం. గోర్కీ 'అమ్మ' మన ఉద్యమాల్లో ఎంతమందిని తయారుచేసిందో చెప్పక్కర్లేదు. ప్రగతి ప్రచురణాలయం, రాదుగ వేసిన ఆ పుస్తకాలను మాస్కోలో కూర్చుని తెలుగు చేసినవాళ్ళలో ఉప్పల లక్ష్మణరావు ఉన్నారు. 'అతడు-ఆమె' రాసిన ఆయనే. ఆ పుస్తకాల్లో ట్రాక్టరు నడిపే అమ్మాయిల బొమ్మలు చూసి నేను పొంగిపోయాను. వాళ్ళు సాధించినవి అబద్ధం కాదు. 1918 చట్టంతో భార్య భర్తకు లోబడి ఉండాలన్న నిబంధన పోయింది, విడాకులు సులువయ్యాయి. 1920లో గర్భస్రావం చట్టబద్ధమయింది. పిల్లల సంరక్షణ కేంద్రాలొచ్చాయి, ఆడవాళ్ళు ఇంజనీర్లయ్యారు, డాక్టర్లయ్యారు.

అయితే 1936లో గర్భస్రావాన్ని మళ్ళీ నేరం చేశారు. 1955 దాకా అట్లాగే ఉంచారు. ఇక పాస్‌పోర్టు. 1932 డిసెంబరులో స్టాలిన్ ప్రభుత్వం దేశం లోపలి పాస్‌పోర్టులను మళ్ళీ తెచ్చింది. పట్నాల్లో ఉండేవాళ్ళకు ఇచ్చారు, సమష్టి క్షేత్రాల్లోని రైతులకు ఇవ్వలేదు. అంటే ఆ ట్రాక్టరు నడిపే అమ్మాయి, తన క్షేత్రం అధికారులు కాగితం రాసివ్వనిదే లెనిన్‌గ్రాడ్ వచ్చి బతకలేదు. రైతులందరికీ పాస్‌పోర్టు ఇవ్వాలని నిర్ణయించింది 1974లో. ఇవ్వడం 1976లో మొదలుపెట్టారు. ఆ పుస్తకాల వెనక అట్ట మీద ఈ సంగతి ఎవరూ రాయలేదు. మొగుడి చేతిలోంచి కాగితం తీసి ప్రభుత్వం చేతిలో పెడితే అది సగం విముక్తే. ఈ మాట అంటే కొందరు మిత్రులకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా అనాల్సిందే.

లెనిన్‌గ్రాడ్ ముట్టడి గురించి ఒక్క మాట చెప్పకుండా ఆ ఊరి నుంచి రాలేను. 1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 వరకు జర్మన్ సైన్యాలు నగరాన్ని చుట్టుముట్టి ఆకలితో చంపాయి. 1941 నవంబరు, డిసెంబరుల్లో ఇంట్లో ఉండేవాళ్ళకు, పిల్లలకు రోజుకు 125 గ్రాముల రొట్టె. దానిలో సగం పిండి కాదు, పొట్టూ చెత్తా. ఊళ్ళో మిగిలింది ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. ఫ్యాక్టరీలు నడిపింది ఆడవాళ్ళే. రేషను కార్డు పోతే మనిషి పోయినట్టే. పిస్కర్యోవ్ స్మశానంలో సుమారు అయిదు లక్షల మంది ఉన్నారు, ఎక్కువమందికి పేర్లు లేవు, సమాధి రాయి మీద సంవత్సరం ఒక్కటే. తాన్యా సావిచెవా అనే 11 ఏళ్ళ పాప తన ఇంట్లో ఒక్కొక్కరు చనిపోయిన రోజు, గంట చిన్న పుస్తకంలో రాసుకుంది. ఆ పుస్తకం ఇప్పుడు మ్యూజియంలో ఉంది. అక్కడ నేను ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఇప్పటి సంగతి. 2017 ఫిబ్రవరిలో రష్యా ఒక చట్టం చేసింది. ఇంట్లోవాళ్ళను కొడితే, మొదటిసారి అయితే, గట్టి గాయం కాకపోతే, అది నేరం కాదు. జరిమానా కట్టి పోవచ్చు, లేదా పదిహేను రోజులు లోపలుంటారు. 2005 గృహహింస చట్టం మనకు ఉండీ అమలు కావడం లేదని మనం కొట్లాడుతున్నాం. అక్కడ చట్టమే వెనక్కి నడిచింది. ఇక యుద్ధం. పీటర్స్‌బర్గ్‌లోనే అలెగ్జాండ్రా స్కొచిలెంకో అనే కళాకారిణి సూపర్ మార్కెట్లో ధర చీటీల స్థానంలో యుద్ధంలో చనిపోయినవాళ్ళ గురించి రాసిన చీటీలు పెట్టింది. చూసి పట్టించింది సరుకులు కొనడానికి వచ్చిన ఒక ముసలావిడ. 2023 నవంబరులో ఏడేళ్ళ జైలు వేశారు. 2024 ఆగస్టు 1న ఖైదీల మార్పిడిలో విడుదలై దేశం వదిలి వెళ్ళింది. నేను ఆ వీధుల్లో నడుస్తున్నప్పుడు ఆమె జైల్లోనే ఉంది. విదేశీ యాత్రికురాలికి ఇవేవీ కనపడవు. ఐస్‌క్రీము బాగుంటుంది, మెట్రో స్టేషన్లు రాజభవనాల్లా ఉంటాయి, ఎవరూ మనల్ని ఏమీ అనరు. కనపడనిది చూడాలంటే ముందే చదువుకుని పోవాలి. ఉద్యోగాలని నమ్మించి తీసుకెళ్ళిన మన కుర్రాళ్ళను ఆ యుద్ధంలోకి నెట్టినప్పుడు, హైదరాబాదు యువకుడొకరు అక్కడే చనిపోయాడు. 2024 మార్చిలో సీబీఐ ఆ ఏజెంట్ల మీద కేసు పెట్టింది. ఏజెంటు అనేవాడు ఏ దేశానికైనా ఒకటే.

మన దగ్గర చట్టం ఏం చెప్తోంది? పాస్‌పోర్టు హక్కు మనకు తెచ్చిపెట్టిన పెద్ద తీర్పు కూడా ఒక స్త్రీ పేరు మీదే ఉంది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వం కారణం చెప్పకుండా స్వాధీనం చేసుకుంది. 1978లో సుప్రీంకోర్టు, విదేశం వెళ్ళే హక్కు 21వ అధికరణం కింద స్వేచ్ఛలో భాగమేనని, న్యాయమైన పద్ధతి లేకుండా దాన్ని తీసేయకూడదని చెప్పింది. 2016 డిసెంబరులో నిబంధనలు మార్చారు. పెళ్ళి సర్టిఫికెట్టు పెట్టనక్కర్లేదు, తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు, విడిపోయినవాళ్ళు భర్త పేరు రాయనక్కర్లేదు. ఈ సంగతి మన ఊళ్ళల్లో చాలామందికి తెలియదు. "మొగుడు సంతకం తెమ్మన్నారు" అని బ్రోకరు చెప్తే నమ్మేస్తారు.

ఇంకో చిక్కు ఉంది. పదో తరగతి పాసు కాని స్త్రీ ఇంటిపనికి గల్ఫ్ లాంటి 18 దేశాలకు వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి, ప్రభుత్వ అనుమతి కావాలి. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలన్నారు, మనకు అది ఓంకాప్. ఇదంతా ఆడవాళ్ళను కాపాడటానికే అంటారు. నా అభిప్రాయం చెప్తాను. ఇరవై నాలుగేళ్ళ మగవాడు పోవచ్చు, అదే వయసు ఆడది పోకూడదు అన్నప్పుడు ఆమె ఆగిపోవడం లేదు. విజిట్ వీసా మీద, దొంగదారిన పోతోంది. అప్పుడు ఏ రికార్డులోనూ ఆమె పేరు ఉండదు. జారు చట్టం కూడా భార్యను కాపాడటానికే అనేది. మీలో కొందరు ఇందుకు ఒప్పుకోరని తెలుసు, వయసు పరిమితి లేకపోతే పదహారేళ్ళ పిల్లల్ని కూడా పంపేస్తారని మీ భయం. అది నిజమైన భయమే. దాని మీద మనం కూర్చుని మాట్లాడుకోవాలి.

గల్ఫ్‌లో కూడా చట్టాలు కదులుతున్నాయి. కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ళ చట్టం వచ్చింది. ఆమె ఒప్పుకోకుండా యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని అందులో ఉంది. సౌదీలో 21 ఏళ్ళు దాటిన స్త్రీ మగవాడి అనుమతి లేకుండా పాస్‌పోర్టు తీసుకునే హక్కు 2019లో వచ్చింది, రష్యాలో 1914లో వచ్చినది. ఇరాన్‌లో పెళ్ళయిన స్త్రీకి ఇప్పటికీ భర్త అనుమతి కావాలి. చట్టం ఉన్నంత మాత్రాన యజమాని బీరువా తాళం తెరుచుకోదు. అయినా మన మనిషి ఫోను చేసినప్పుడు "అది తప్పు, చట్టంలో ఉంది" అని చెప్పడానికి మనకు తెలిసి ఉండాలి కదా.

మన పాస్‌పోర్టు మీద మనకు తప్ప, భారత ప్రభుత్వానికి తప్ప ఇంకెవరికీ అధికారం లేదు. ఏజెంటుకు లేదు, మొగుడికి లేదు, కఫీలుకు లేదు. బయలుదేరే ప్రతి మనిషి దగ్గర పాస్‌పోర్టు, వీసా నకళ్ళు రెండు సెట్లు తీసుకోండి. ఒకటి ఇంట్లో, ఒకటి సంఘంలో. నంబరు క్యాలెండరు వెనక రాసి పెట్టమనండి, క్యాలెండరు మార్చేటప్పుడు మళ్ళీ రాయమనండి. ఏదైనా జరిగితే ఎంబసీకి గానీ, 'మదద్' పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయడానికి ముందు అడిగేది ఆ నంబరే. మధ్యాహ్నం భోజనాల తర్వాత దరఖాస్తు ఎట్లా నింపాలో ఇక్కడే చూపిస్తాను. ఆధార్, పుట్టిన తేదీ కాగితం తెచ్చుకున్నవాళ్ళు ముందు వరసలో కూర్చోండి.